డేవిడ్ బ్రూస్-బ్రౌన్, పక్క సీట్లోని టోనీ స్కుడెలారి

మోటారు పందేల చరిత్ర ఇష్టంగా చదివేవారిలో కూడా డేవిడ్ బ్రూస్-బ్రౌన్ పేరు విన్నవారు తక్కువ. న్యూయార్క్‌లోని సంపన్న కుటుంబంలో పుట్టి, తల్లి ఎంత వారించినా వినకుండా 1908లో డేటోనా సముద్రతీరపు ఇసుక మీద కారు పరుగెత్తించిన ఈ యువకుడు, నాలుగేళ్ల పైచిలుకు కాలంలోనే అమెరికన్ గ్రాండ్ ప్రైజ్ పందేన్ని వరసగా రెండుసార్లు గెలిచి, ఇరవైల్లోనే కన్నుమూశాడు.

మొదటి గెలుపు 1910 నవంబరు 12న, జార్జియా రాష్ట్రంలోని సవానాలో. దూరం 415 మైళ్లు, అంటే దాదాపు 668 కిలోమీటర్లు. కార్లన్నిటినీ ఒక్కసారే వదలక, కొంత వ్యవధి ఇచ్చి ఒకదాని తర్వాత ఒకటి పంపేవారు కనుక, ముందు గీత దాటినవాడే విజేత కానక్కర్లేదు. ముందుగా చేరిన విక్టర్ ఎమెరీ, తన బెంజ్ జట్టువాడే అయిన బ్రూస్-బ్రౌన్ రాక కోసం ఎదురుచూడవలసి వచ్చింది. ఆరు గంటలకు కాస్త తక్కువైన ఆ పరుగులో చివరికి తేలిన తేడా 1.42 సెకన్లు, గెలుపు బ్రూస్-బ్రౌన్‌ది.

1911లో మొట్టమొదటి ఇండియానాపొలిస్ 500 మైళ్ల పందెంలో మూడో స్థానం, అదే నవంబరులో సవానాలో ఫియట్ ఎస్74 మీద రెండో గెలుపు. నాలుగే సిలిండర్లతో 14 లీటర్ల ఇంజను, వెనక చక్రాలకు గొలుసుల ద్వారా శక్తి: అదీ ఆ బండి.

అంతటి బండిని ఒక్క మనిషి నడిపాడనుకోవడం పొరపాటు. పక్క సీట్లో మెకానిక్ ఉండేవాడు. పెట్రోలు ట్యాంకులో ఒత్తిడి తగ్గకుండా చేత్తో పంపు కొట్టడం, వెనక టైర్లు అరిగిపోతున్నాయేమో తొంగిచూడటం, వెనక నుంచి ఎవరైనా దూసుకొస్తుంటే చెప్పడం అతని పని. బెల్టు లేదు, పైకప్పు లేదు. లారీల ఊరుగా పేరుపడ్డ సాలూరు మనకు దగ్గరే కనుక విజయనగరం వారికి ఇది వేరే వివరించనక్కర్లేదు. సాలూరు నుంచి ఒడిశా వెళ్లే దారిలోని సుంకి ఘాటీలో బండి ఆగితే చక్రం వెనక రాయి పెట్టడానికి ముందుగా దూకే క్లీనరు లేకుండా లోడు ఏ ఊరూ చేరదు.

1912 జూన్‌లో ఫ్రాన్స్‌లోని డియెప్‌లో రెండు రోజుల గ్రాండ్ ప్రి జరిగింది. మొదటి రోజు ముగిసేసరికి బ్రూస్-బ్రౌన్‌దే ఆధిక్యం. రెండో రోజు దారిలో, నిర్ణీత స్థలం కాని చోట పెట్రోలు పోసుకున్నందుకు అనర్హుడయ్యాడు, 7.6 లీటర్ల ఇంజనున్న పెజో కారు మీద జార్జ్ బువాయో గెలిచాడు. భారీ ఇంజన్ల కాలం ముగుస్తోందని అక్కడే తేలిపోయిందని నా అభిప్రాయం.

అదే ఏడాది అక్టోబరు 1న, అమెరికాలోని మిల్వాకీ దగ్గర ఆ ఏటి అమెరికన్ గ్రాండ్ ప్రైజ్ కోసం సాధన చేస్తుండగా టైరు పేలి కారు అదుపు తప్పింది. బ్రూస్-బ్రౌన్, మెకానిక్ టోనీ స్కుడెలారి ఇద్దరూ ఆ ప్రమాదానికి బలయ్యారు. నాకు బాధ కలిగించే విషయమేమంటే, నేను చదివిన కథనాల్లో టోనీ పేరు ఆ ఒక్క వాక్యంలోనే కనిపిస్తుంది. పంపు కొట్టిన చెయ్యి, టైరు చూసిన కన్ను అలాంటివారివే అయినప్పుడు, పందెపు ఫలితాల పట్టికలో డ్రైవరు పేరు పక్కనే మెకానిక్ పేరు కూడా అచ్చువేయడమే న్యాయం.