పగిలిన పిల్లనగ్రోవి

మన బడి పూర్వ విద్యార్థుల సమ్మేళనం సంచికకు ఏదైనా రాయమని కమిటీ వాళ్లు మూడుసార్లు ఫోన్ చేశారు. తీరా కూర్చుంటే డ్రాయింగు మాస్టారి పిల్లనగ్రోవి తప్ప ఇంకేదీ గుర్తుకు రావడం లేదు. గుండు గోడ దూకడం, వేపచెట్టు పంచాయితీ, లెక్కల పరీక్ష రోజు బెల్లు సంగతి మీరెలాగూ రాస్తారు.

మధ్యాహ్నం అన్నాలు తిన్నాక వెనక వరండాలో మనం నలుగురం చేరేవాళ్లం. మాస్టారు నోట్సు రాయించేవారు కాదు. ఆయన ఊదేవారు, మనం విని పట్టుకునేవాళ్లం. తప్పు ఊదితే కోప్పడకుండా అదే ముక్క మళ్లీ ఊది, "ముందు వినండబ్బయ్యా" అనేవారు.

1991 జూలైలో, ఆగస్టు 15 కార్యక్రమం దగ్గర పడుతుండగా నా పిల్లనగ్రోవి పగిలింది. దాన్ని ఎండ తగిలే కిటికీలో పెట్టిందెవరో బక్కోడికి తెలుసు. పైనుంచి రెండో రంధ్రం దాకా సన్నటి నెర్రె. ఎంత ఊదినా గాలే తప్ప స్వరం రాలేదు. రెండు రోజులు అన్నం సహించలేదు.

అదే వారం నెల్లూరు రొట్టెల పండగ. నా కోసం విద్య రొట్టె పట్టుకోవాలని అమ్మ స్వర్ణాల చెరువులో దిగింది. నేను దర్గా దారిలో నిలబడ్డాను. గడకర్రకు పిల్లనగ్రోవులు కొమ్మల్లా గుచ్చుకుని ఒక పెద్దాయన వస్తున్నాడు. సంచీలోంచి నాది తీసి చూపించాను. హిందీ కలిసిన తెలుగులో "కూర్చో" అన్నాడు.

దారానికి మైనం పట్టించాడు. నెర్రె మీద ఒక చుట్టు పక్కన ఇంకో చుట్టు, మధ్యలో వెంట్రుకవాసి సందు లేకుండా బిగించాడు. ఊది చూసి తల అడ్డంగా ఊపాడు. ఒక స్వరం కాస్త కిందికి పలుకుతోంది. సన్నటి కత్తితో ఆ రంధ్రం అంచును గోరంత గీశాడు, ఊదాడు. మళ్లీ గీశాడు, మళ్లీ ఊదాడు. రంధ్రం పెద్దదయితే స్వరం పైకి పోతుందని, ఎక్కువ గీస్తే వెనక్కి తేలేమని చెప్పాడు. మూడోసారికి కత్తి పక్కన పెట్టి నవ్వాడు. ఊరు ఉత్తరప్రదేశ్‌లోని పీలీభీత్ అట. అక్కడ ఇంటిల్లిపాదీ ఇదే పని, వెదురు అస్సాం నుంచి వస్తుందట. డబ్బులిస్తే తీసుకోలేదు. పేరు అడగాలని తోచలేదు, ఆ బాధ ఇప్పటికీ ఉంది.

ఆగస్టు 15న మనం ఎలా వాయించామో మీకు చెప్పక్కర్లేదు.

ఇంటర్, ఇంజనీరింగు, పెళ్లి. ఇప్పుడు డబ్లిన్‌లో ముప్పై మంది ఇంజనీర్లున్న విభాగం నా చేతిలో ఉంది. బుధవారం సాయంత్రాలు మాత్రం విజిల్, అంటే ఐర్లండ్ పిల్లనగ్రోవి, వాయించేవాళ్ల సెషన్‌కే. బల్ల చుట్టూ కూర్చుంటారు, ముందర కాగితం ఉండదు. ఒకరు ఎత్తుకుంటే తెలిసినవాళ్లు అందుకుంటారు, తెలియనివాళ్లు వింటారు. మొదటి ఆరు నెలలు నేను విన్నదే ఎక్కువ. ఎవరూ విసుక్కోలేదు. అడిగితే అదే పాట నెమ్మదిగా మళ్లీ వాయించేవాళ్లు. వరండా గుర్తొచ్చేది.

నాది ‘లో విజిల్’, అంటే కింది స్థాయిలో పలికే పొడవాటి విజిల్. అల్యూమినియం గొట్టం. పై కొనలో బిరడా, కింద ఆరు రంధ్రాలు. షెడ్డులో ఒక్కడే కూర్చుని చేతితో చేసే మనిషి దగ్గర చేయించుకున్నాను. తెచ్చుకోవడానికి వెళ్లినప్పుడు దాని పుట్టుక ఆయనే చెప్పాడు. ఐర్లండ్ కళాకారుడు ఫిన్‌బార్ ఫ్యూరీ దగ్గర ఒక వెదురు విజిల్ ఉండేదట. మన దేశానిదే. అది పాడైపోతే బాగుచేయమని ఇంగ్లండ్‌లోని బెర్నార్డ్ ఓవర్టన్‌కు ఇచ్చాడు. బాగుకాలేదు. దానికి బదులుగా ఓవర్టన్ లోహపు గొట్టంతో ఒకటి చేసిచ్చాడు. ఇప్పుడు అందరూ వాయించే లో విజిల్ అలా, 1970ల తొలినాళ్లలో మొదలైంది. ఆ షెడ్డులో నాకు చాలాసేపు మాట రాలేదు.

నిరుడు సెలవుల్లో రొట్టెల పండగకు వెళ్లాను. దర్గా దారిలో ఒక కుర్రాడు గడకర్ర పట్టుకుని నిలబడ్డాడు. "ఏ ఊరు బాబూ?" అన్నాను. పీలీభీత్ అన్నాడు. నాలుగు కొన్నాను. ఒకటి మాస్టారికి ఇచ్చి వచ్చాను, మిగతా మూడూ సమ్మేళనానికి తెస్తున్నాను. వరండా వాళ్లు ముందు వరసలో కూర్చోండి.