లూవ్ర్‌లో మదాం రెకామియే చిత్రానికి ప్రతి గీసిన అనుభవం

ఫ్రెంచి చిత్రకారుడు జాక్ లూయీ దవీద్ (1748–1825) తైలవర్ణ చిత్రాలకు ప్రతులు కోరుకునేవారు ఎక్కువగా ఆల్ప్స్ దాటుతున్న నెపోలియన్‌నో, స్నానపు తొట్టిలో ప్రాణం విడిచిన ఫ్రెంచి విప్లవ నాయకుడు మరానో ఎంచుకుంటారు. పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో ప్రతి గీయడానికి దరఖాస్తు పెట్టినప్పుడు నేను మాత్రం ఆయన 1800లో మొదలుపెట్టి, పూర్తి చేయకుండా విడిచిపెట్టిన, పారిస్ ఉన్నత సమాజంలో పేరున్న మదాం రెకామియే సోఫాపై ఒరిగి ఉన్న చిత్రాన్ని అడిగాను. పూర్తయిన చిత్రాల్లో దవీద్ తన కుంచె జాడను దాదాపు చెరిపేస్తాడు కనుక, ఆయన పని నడిపిన వరుసను కళ్లారా చూడాలంటే నాకు ఇంతకు మించిన చిత్రం కనిపించలేదు.

లూవ్ర్ 1793లో ప్రజల కోసం తెరుచుకున్ననాటి నుంచీ అక్కడ ప్రతులు గీసే చిత్రకారులకు చోటు ఉంది. అనుమతి మూడు నెలలకు ఇస్తారు. గీయడం ఉదయం తొమ్మిదిన్నర నుంచి మధ్యాహ్నం ఒకటిన్నర వరకే. ఈజిల్, స్టూలు మ్యూజియంవారే సమకూరుస్తారు. గీసే నకలు అసలు చిత్రం కొలతలోనే ఉండకూడదు, కనీసం అయిదో వంతు చిన్నదిగానో పెద్దదిగానో ఉండాలి. చిత్రకారుడి సంతకాన్ని దింపకూడదు. అసలు చిత్రం ఎత్తు 174, వెడల్పు 244 సెంటీమీటర్లు కావడంతో నేను అందులో సగం, అంటే 87, 122 సెంటీమీటర్ల కాన్వాసు తీసుకున్నాను.

ముఖమూ, తెల్లని దుస్తులూ కష్టమే అయినా, మడతల నీడల్లోని చల్లని బూడిద రంగులను ఓపికగా కలుపుకుంటే దారి దొరికింది. నన్ను అన్నిటికన్నా ఎక్కువగా ఇబ్బంది పెట్టింది ఆమె వెనుక ఉన్న ఖాళీ గోడ. దవీద్ అక్కడ పలుచని గోధుమ రంగును పొట్టి గీతలుగా, ఒక్కోచోట ఒక్కో దిక్కుగా రుద్ది వదిలేయడం వల్ల, లేత రంగు అడుగు పూత ఆ గీతల సందుల్లోంచి కనిపిస్తూ గోడకు గాలినీ లోతునూ ఇస్తుంది. టర్పెంటైన్‌తో పలుచన చేసిన అంబర్ (మట్టి గోధుమ) రంగును గట్టి వెంట్రుకల కుంచెకు చాలా కొద్దిగా అంటించుకుని, ఒకసారి రుద్దిన చోటును మళ్లీ తాకకుండా ముందుకు సాగడమే ఇక్కడ పద్ధతి. అమ్మకానికి వచ్చే నకళ్లలో ఈ గోడను నున్నగా పూసి 'పూర్తి' చేసినవి చూసినప్పుడు నాకు బాధ కలుగుతుంది, ఎందుకంటే చిత్రం ఊపిరి పీల్చేది ఆ పూర్తికాని భాగంలోనే.

ప్రతి గీయడం దవీద్ కార్యశాలకు కొత్త పని కాదన్న సంగతిని కూడా ఇక్కడ చెప్పాలి: మరా చిత్రానికి అక్కడే ప్రతులు తయారయ్యాయి, ఆల్ప్స్ చిత్రానికి అయిదు రూపాలున్నాయి, 1807లో ముగించిన నెపోలియన్ పట్టాభిషేక చిత్రానికి ఆయనే రెండో రూపం గీసి 1822లో బ్రస్సెల్స్‌లో పూర్తి చేశాడు.

రెకామియే చిత్రంలోని దీపస్తంభాన్నీ ఆమె పాదాలనూ చివరికి ఉంచుకున్నాను. గడువు ముగిసేలోపు పని అయింది. సిబ్బంది కొలతలు సరిచూసి, కాన్వాసు వెనుక మ్యూజియం ముద్ర ఉందని నిర్ధారించుకున్నాకే దాన్ని బయటికి తీసుకువెళ్లనిచ్చారు.