పంటిగాట్ల డబ్బా

జనవరి మొదటి వారం వస్తే మా మామయ్యకు తిరుపతిలో కాలు నిలిచేది కాదు. పుత్తూరు, నగరి మీదుగా బస్సు, ఒళ్లో పులిహోర డబ్బా, దిగేది చెన్నైలో. అక్కణ్ణుంచి నేరుగా నుంగంబాక్కం స్టేడియం, చెన్నై ఓపెన్ టెన్నిస్ టోర్నీకి!

2008 సెమీస్‌లో స్పెయిన్ ఆటగాళ్లు నాదల్, మోయా దాదాపు నాలుగు గంటలు కొట్టుకున్నారు. మూడు సెట్లూ 6-6తో సమమై టైబ్రేక్‌లోనే తేలాయి. టెన్షన్‌లో మామయ్య ప్లాస్టిక్ డబ్బా మూత అంచు కొరికేశాడు. గెలిచిన నాదల్ ఫైనల్లో రష్యా ఆటగాడు యూజ్నీ చేతిలో 6-0, 6-1తో చిత్తయ్యాడు. పాపం, ఇక కాళ్లలో సత్తువ ఎక్కడిది!

2017 తర్వాత టోర్నీ పుణెకు తరలిపోయింది. అక్కడా 2023తో సరి. మొన్న అటక సర్దుతుంటే ఆ డబ్బా దొరికింది. మూత మీద పంటిగాట్లు అలాగే ఉన్నాయి.