ఓబీ గుట్టల్లో దాగిన ఇసుక

గోదావరిఖని, శ్రీరాంపూర్, భూపాలపల్లి వైపు వెళ్ళేవారికి దూరం నుంచి కొండల్లా కనిపించేవాటిలో చాలావరకు ఉపరితల గనుల నుంచి తవ్విపోసిన మట్టి గుట్టలే. బొగ్గు పొరల మీద ఉండే మట్టినీ రాతినీ ఓవర్‌బర్డెన్, క్లుప్తంగా ఓబీ, అంటారు కాబట్టి సింగరేణి ప్రాంతంలో వాటిని ఓబీ గుట్టలు అంటారు. ఇక్కడ ఒక టన్ను బొగ్గు కోసం సుమారు ఐదారు ఘనపు మీటర్ల మట్టినీ రాతినీ తొలగించవలసి వస్తుంది. వాటిని పోయడానికి పొలాలు కావాలి, ఒక్కోసారి ఊళ్ళే కదలవలసి వస్తుంది. ఇంత మూల్యం చెల్లించి తీసినదాన్ని వ్యర్థం కింద జమకట్టడం నాకు ఎంతమాత్రమూ సమ్మతం కాదు.

గుట్ట అంచున పడి ఉన్న ఇసుకరాయి ముక్కను చేతిలోకి తీసుకొని గట్టిగా నలిపితే గరుకు రేణువులు రాలి, వేళ్ళకు తెల్లని పొడి అంటుకుంటుంది. ఆ రేణువులు పాతిక కోట్ల ఏళ్ళకు పూర్వం నదులు మోసుకొచ్చి పరచిన ఇసుకే. ఆ పొడి వాటి మధ్య చేరిన బంకమట్టి. రాయిని క్రషర్‌లో నలగగొట్టి, జల్లెడ పట్టి, నీటితో కడిగితే ఇసుక వేరవుతుంది. నాగపూర్ ప్రాంతంలో వెస్టర్న్ కోల్‌ఫీల్డ్స్ సంస్థ ఇలా తీసిన ఇసుకను పేదల ఇళ్ళ నిర్మాణానికి చౌకగా అందించింది. సింగరేణిలోనూ ఓబీ నుంచి ఇసుక తీసే ప్లాంట్లు వచ్చాయి.

ఇక్కడ ఆ ఇసుక అవసరం ముందుగా భూగర్భ గనులదే. బొగ్గు తీసిన చోటును ఖాళీగా వదిలేస్తే పైకప్పు కూలి పైనున్న నేల కుంగుతుంది; లోపల మిగిలిన బొగ్గుకు గాలి తగిలి దానంతట అదే అంటుకునే ప్రమాదమూ ఉంటుంది. అందుకే ఇసుకను నీటితో కలిపి గొట్టాల గుండా లోపలికి పంపి ఆ ఖాళీని నింపుతారు, దీన్నే గని కార్మికులు స్టోయింగ్ అంటారు. దశాబ్దాల పాటు ఇందుకు గోదావరి ఇసుకనే తోడారు. నదిలో ఇసుక తరిగిపోతే వాన నీటిని పట్టి ఉంచే పొర పోయి, ఒడ్డున ఉన్న బావులు ఎండుతాయి. గని నుంచి వచ్చిన ఇసుకే గనిని నింపితే ఆ భారం నదికి తప్పుతుంది.

అయితే అన్నిటినీ కలిపి ఒకే గుట్టగా పోశాక ఇసుక తీయాలంటే ఖర్చు పెరుగుతుంది, సరుకు నాణ్యతా తగ్గుతుంది. పైపొర సారవంతమైన మట్టిని విడిగా దాచాలి, ఎందుకంటే రేపు గుట్ట మీద మొక్కలు బతకాలంటే అదే ఆధారం. ఇసుకరాయిని ఒక చోట, షేల్ అనే పలకలుగా విడిపోయే మట్టిరాతినీ బంకమట్టినీ మరో చోట పోయడం డంపర్ కదిలే నాడే మొదలుకావాలి. తవ్వకం ప్రణాళికలోనే దీన్ని రాయించవలసిన బాధ్యత సంస్థలదీ, అనుమతులిచ్చే ప్రభుత్వానిదీ. కడిగిన నీటిని తేర్చి తిరిగి వాడటం, మిగిలిన బంకమట్టిని పరీక్షించి ఇటుకలకు పనికొస్తే స్థానిక బట్టీలకు ఇవ్వడం కూడా ఆ ప్రణాళికలోనే ఉండాలి. లేకపోతే ఆ బురద మడుగులు మళ్ళీ పక్కనున్న చెలకల మీదికే చేరతాయి.