డబ్బు మీద రాసేవాళ్ల సభకు వెళ్లొచ్చాను

ఫిన్‌కాన్ డాలస్‌కు రాకపోతే నేను ఆ సభ గడప తొక్కేదాన్ని కాదు. అది 2011లో చికాగో శివార్లలో మొదలైంది. ఫిలిప్ టేలర్ అనే అకౌంటెంట్, తనూ డబ్బు సంగతులు బ్లాగులో రాసేవాడే, తనలాంటి వాళ్లందరినీ ఏడాదికోసారి ఒకచోట చేర్చాలని పెట్టాడు. అక్కణ్ణుంచి ఏటా ఒక ఊరు: డెన్వర్, సెయింట్ లూయిస్, న్యూ ఆర్లీన్స్, షార్లెట్, శాన్ డియాగో. 2017 అక్టోబర్ చివరి వారంలో డాలస్ వంతు వచ్చింది. మేముండేది పక్కనే అర్వింగ్‌లో. విమానం ఖర్చు లేదు, హోటల్ గది అక్కర్లేదు, ఆరెంజ్ లైన్ రైలెక్కితే డౌన్‌టౌన్‌లో దిగొచ్చు. పాపని బడి నుంచి తెచ్చే పని పక్కింటి వదిన తీసుకుంది.

"పొదుపు గురించి రాసేదానివి, పొదుపు గురించి వినడానికి ఇంత పోస్తావా?" అన్నాడు మా ఆయన టికెట్ ధర చూసి. ముందుగా కొంటే తక్కువ, రోజులు దగ్గరపడేకొద్దీ ఎక్కువ. నేను వేసవిలోనే కొనేశాను. పైగా బ్లాగును వ్యాపారంగా నడిపేవాళ్లు ఇలాంటి ఖర్చును పన్ను లెక్కల్లో షెడ్యూల్ సి (సొంత వ్యాపారం లెక్క చూపే ఫారమ్) మీద చూపించుకోవచ్చు. అయితే అది నిజంగా లాభం కోసం చేసే పనై ఉండాలి. ఐదేళ్లలో మూడేళ్లు లాభం చూపిస్తే వ్యాపారమే అని అమెరికా పన్నుల శాఖ ఐఆర్ఎస్ అనుకుంటుంది. ఏటా నష్టమే చూపిస్తుంటే సరదా పని కింద కట్టి ఆ ఖర్చులు ఒప్పుకోకపోవచ్చు. ఇంత చెప్పాక మా ఆయన మళ్లీ మాట్లాడలేదు.

నేను రాసేది తెలుగులో, కొత్తగా అమెరికా వచ్చిన వీసా కుటుంబాల కోసం. క్రెడిట్ చరిత్ర లేనివాళ్లకి మొదటి కార్డు ఎలా వస్తుంది, రిటైర్మెంటు కోసం ఉద్యోగంలో దాచుకునే 401కెలో కంపెనీ కలిపే వాటా ఎందుకు వదులుకోకూడదు, ఎన్నారై అయ్యాక ఊళ్లోని పాత సేవింగ్స్ ఖాతాను ఎన్నారైలకు ఉండే ఎన్ఆర్ఓ ఖాతాగా ఎందుకు మార్చాలి, అక్కడి ఖాతాలన్నీ కలిపి ఏడాదిలో ఏ ఒక్కరోజైనా పదివేల డాలర్లు దాటితే, వాటి వివరాలు అమెరికా ప్రభుత్వానికి చెప్పే ఎఫ్‌బార్ ఎలా వేయాలి, ఇవీ నా సంగతులు. 2015 మేలో, హెచ్1బి ఉద్యోగ వీసా వాళ్ల కుటుంబాలకిచ్చే హెచ్4 మీదున్న వాళ్లలో కొందరికి పని చేసుకునే అనుమతి మొదలైంది కాబట్టి సరిపోయింది; దానికి ముందు బ్లాగులో ఒక్క ప్రకటన పెట్టి నాలుగు డాలర్లు తీసుకున్నా చిక్కే. హెచ్1బి మీద ఉన్నవాళ్లకి ఆ చిక్కు ఇప్పటికీ ఉంది. అందుకే డొమైన్ నా పేరు, బ్యాంకు ఖాతా నా పేరు, మీ ఆయన్ని ఇందులో వేలు పెట్టనివ్వొద్దని మా లాయరు గట్టిగా చెప్పారు. సైటు పడిపోతే లేపడం నేనే నేర్చుకున్నాను, ఏళ్ల తరబడి సర్వర్లు లేపడమే ఉద్యోగమైన మనిషి పక్క గదిలో క్రికెట్ చూస్తుంటే.

అప్పటిదాకా నాకు కన్వెన్షన్ అంటే తానా, ఆటా. ఆ ఏడు మేలో సెయింట్ లూయిస్‌లో తానా సభలకు వెళ్లొచ్చాం కూడా. భోజనాల హాలు ఎటుందో, చీరల స్టాళ్లు ఎటున్నాయో కళ్లు మూసుకుని చెప్పగలను. ఇక్కడ భోజనాల సంగతి ఎత్తకపోవడమే మేలు. పెరుగన్నం డబ్బా రెండో రోజు నుంచి నా సంచీలోనే ఉంది.

మొదటి సాయంత్రం ఎవరు పలకరించినా ఒకటే ప్రశ్న: "మీరు ఎవరి కోసం రాస్తారు?" ఊరు, పేరు, పిల్లలు ఏమీ అడగరు. ఒకావిడ స్టూడెంట్ లోన్లు తీర్చేవాళ్ల కోసం రాస్తుంది. ఒకాయన డాక్టర్ల కోసం. ఇంకొకరు విడాకులైన ఆడవాళ్ల కోసం. నేను "వీసా మీద వచ్చిన ఇండియా కుటుంబాల కోసం" అనగానే చాలామంది "మంచి నిష్" అన్నారు. నిష్ అంటే ఇరుకైన గూడు అని వాళ్ల ఉద్దేశం. ఆ గూట్లో డాలస్ చుట్టుపక్కలే ఎన్ని వేల ఇళ్లున్నాయో వాళ్లకు తెలిసినట్టు లేదు.

ఆ ఏడు సభ మొత్తం మీద పొగలా పరుచుకున్న విషయం ఈక్విఫ్యాక్స్, అందరి క్రెడిట్ చరిత్రలు నమోదు చేసే సంస్థ. సెప్టెంబర్ 7న ఆ సంస్థ 14 కోట్ల 30 లక్షల మంది వివరాలు పోయాయని ప్రకటించింది. కారిడార్లలో ఎవరి నోట విన్నా క్రెడిట్ ఫ్రీజ్ మాటే, అంటే మన క్రెడిట్ చరిత్ర కొత్తవాళ్లెవరికీ చూపించకుండా తాళం వేయించడం. అప్పట్లో ఫ్రీజ్ ఉచితం కాదు, టెక్సస్‌లో ఒక్కో సంస్థకు పది డాలర్ల దాకా కట్టాలి. దేశమంతా ఉచితం అయింది 2018 సెప్టెంబర్ నుంచి. మనవాళ్లకు ఇందులో ఇంకో మెలిక ఉంది. కొత్తగా వచ్చినవాళ్లు వరసగా అపార్ట్‌మెంటు, ఫోను, కారు లోను, కార్డు అంటూ మొదటి ఏడాదంతా ఎవరో ఒకరి చేత క్రెడిట్ చూపించుకుంటూనే ఉంటారు. ఫ్రీజ్ వేస్తే ప్రతిసారీ తీయాలి, మళ్లీ వేయాలి, అప్పట్లో ప్రతిదానికీ డబ్బు. కాబట్టి మొదటి ఏడాది గడిచాక వేసుకోమని రాయాలని అక్కడే చిన్న కాగితం మీద రాసుకున్నాను.

మధ్యాహ్నం బల్ల దగ్గర త్వరగా రిటైరయ్యే జనం దొరికారు. ఏడాది ఖర్చుకు 25 రెట్లు పోగేసి, మొదటి ఏడాది అందులో 4 శాతం, ఆపైన ఏటా ధరలు పెరిగిన మేరకు పెంచి తీసుకుంటూ బతికేయడం వాళ్ల మార్గం. 1994లో విలియం బెంగెన్ వేసిన లెక్కల మీద నిలబడ్డ మాట అది. నలభై లోపే ఉద్యోగం మానేసిన ఒకాయన ఎదురుగా కూర్చుని "మీ పాఠకులకు జీతాలు బాగానే వస్తాయి కదా, వాళ్లెందుకు చేయలేరు?" అన్నాడు. చెప్పాను. హెచ్1బి మనిషి ఉద్యోగం మానేస్తే 60 రోజుల్లోపు ఇంకో దారి చూసుకోవాలి, లేదా దేశం వదలాలి. ఆ 60 రోజులు కూడా ఆ ఏడు జనవరిలోనే నియమంగా వచ్చాయి. మాకు ముందు గ్రీన్ కార్డు రావాలి, ఆ తర్వాతే రిటైర్మెంటు. పెద్ద చదువుల ఉద్యోగులకిచ్చే ఈబీ-2 గ్రీన్ కార్డుల్లో ఇండియా వరసలో అప్పటికి 2008లో దరఖాస్తు పెట్టినవాళ్లను పిలుస్తున్నారు. ఆయన ఫోర్కు కింద పెట్టి, "అయితే మీ దగ్గర డబ్బుండీ ఆగలేరన్నమాట" అన్నాడు. అవును. ఆగాలంటే ఇండియా వెళ్లి ఆగాలి. అప్పుడు 401కెని యాభైతొమ్మిదిన్నర ఏళ్లు రాకముందే తీస్తే, కొన్ని మినహాయింపులు పోను, 10 శాతం జరిమానా, దాంతోపాటు పన్ను. ఈ లెక్క మీద ఆ బల్ల దగ్గర గంట గడిచింది. నాకు ఆ సభలో నచ్చిన గంట అదే. ఆయన నాకేమీ అమ్మలేదు, నేనూ ఆయనకేమీ అమ్మలేదు.

మిగతాదంతా అమ్మకమే. ఎక్స్‌పో హాల్లో అడుగు పెడితే సంగతి అర్థమవుతుంది. క్రెడిట్ కార్డులు, లోన్లు మార్చిపెట్టేవాళ్లు, కంప్యూటరే పెట్టుబడి పెట్టే రోబో అడ్వైజర్లు, బడ్జెట్ యాప్‌లు, ఆన్‌లైన్ బీమా. వాళ్లు వచ్చింది మనకు టీషర్టులు పంచడానికి కాదు. మన లింకు నుంచి వెళ్లిన పాఠకుడు కార్డు తీసుకుంటే మనకు కమిషన్. ఒక్కో ఆమోదానికి వంద డాలర్లు, కొన్ని కార్డులకు అంతకు మించి అని నోటి లెక్కలు విన్నాను. అలాగని అక్కడివాళ్లంతా మోసగాళ్లు కాదు. చాలామంది నిజాయతీగా రాసేవాళ్లే. కానీ "అత్యుత్తమ పది కార్డులు" అనే వ్యాసాలు ఎందుకన్ని వస్తాయో, "అప్పు చేయకుండా పాత కారే నడపండి" అనే వ్యాసం కింద ఏ లింకూ ఎందుకుండదో ఆ హాల్లో పది నిమిషాలు నిలబడితే తెలిసిపోతుంది. పాత కారు నడపమన్నందుకు కమిషన్ ఇచ్చేవాడు లేడు మరి.

కార్డుల కమిషన్ చూసే ఒక అమ్మాయితో కాసేపు మాట్లాడే అవకాశం దొరికింది. చాలా మర్యాదగా మాట్లాడింది. నెలకు ఎంతమంది చదువుతారు, ఈమెయిల్ జాబితా ఎంత, అని అడిగి, నా పాఠకులు ఎవరో విన్నాక పెన్ను కింద పెట్టేసింది. డబ్బు వచ్చేది దరఖాస్తుకు కాదు, ఆమోదానికి. క్రెడిట్ చరిత్ర లేని మనిషికి మంచి కార్డు రాదు. వాళ్లకు సరిపోయేది డిపాజిట్ కట్టి తీసుకునే సెక్యూర్డ్ కార్డు, దాని మీద పెద్దగా ఏమీ రాదు. అంటే నా పాఠకుడికి అవసరమైన దాని మీద నాకు డబ్బు లేదు, నాకు డబ్బొచ్చేది వాడికి రాదు. ఈ ముక్క ఆవిడ అనలేదు, నేనే ఇంటికొచ్చే రైల్లో కూడబలుక్కున్నాను.

స్టూడెంట్ లోన్ల వాళ్లదీ అంతే. మన ఎమ్మెస్ పిల్లల అప్పు ఉండేది అమెరికాలో కాదు, ఊళ్లో బ్యాంకులో, నాన్న ఇల్లు తాకట్టు మీద, రూపాయల్లో. ఆ స్టాలు వాళ్లకు దాంతో పనిలేదు. ఇక ఇండియా మ్యూచువల్ ఫండ్లు పీఫిక్ (అమెరికా పన్నుల్లో కొన్ని విదేశీ పెట్టుబడి సంస్థలకు పెట్టిన పేరు) కింద పడతాయని, అమెరికా పన్నుల్లో ఫారమ్ 8621 గొడవ ఉంటుందని (కొన్ని మినహాయింపులున్నాయి) మాట్లాడదామంటే సభంతా తిరిగినా ఒకే ఒక్క మనిషి దొరికాడు. చెన్నై నుంచి వచ్చి ఇక్కడ టాక్స్ పని చేసే ఎన్‌రోల్డ్ ఏజెంటు. "సిప్ ఆపకుండానే విమానం ఎక్కేస్తారు, ఆ తర్వాత నా దగ్గరికొస్తారు" అన్నాడు. ఇద్దరం అక్కడే నేల మీద, గోడకి ఆనుకుని కూర్చుని దాని మీదే మాట్లాడుకున్నాం.

నేను తప్పకుండా వినాలనుకున్నది కమిషన్ వెల్లడించే నియమాల గురించి. ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2009లోనే తన మార్గదర్శకాల్లో బ్లాగులు రాసేవాళ్లను కూడా కలిపింది. 2017 ఏప్రిల్‌లో సోషల్ మీడియా ప్రముఖులకు, కంపెనీలకు 90కి పైగా ఉత్తరాలు పంపింది, డబ్బు తీసుకుంటే ఆ ముక్క స్పష్టంగా చెప్పండని. పేజీ అడుగున చిన్న అక్షరాల్లో పెడితే చాలదు. లింకు దగ్గరే, చదివేవాడి కంట పడేలా, వాడికి అర్థమయ్యే మాటల్లో ఉండాలి. అర్థమయ్యే మాటల్లో అన్నప్పుడు నేను నా పేజీ గుర్తు చేసుకున్నాను. వ్యాసం తెలుగులో ఉంటే కమిషన్ సంగతి కూడా తెలుగులోనే ఉండాలి.

ఆ నియమాల ఆలోచన నాకు నచ్చింది. వింటుంటే మాత్రం తలా ఒక వంట తెచ్చుకునే మా పాట్‌లక్ భోజనాలు గుర్తొచ్చాయి. ఇక్కడ తెలుగు ఇళ్లలో బీమా అమ్మేది ఎవరు? తెలియనివాళ్లు కాదు. ఆదివారం బిర్యానీ పెట్టిన అన్నయ్యే అమ్ముతాడు, "మీ మంచికే చెప్తున్నా" అంటూ, టర్మ్ పాలసీ చాలినచోట పెట్టుబడీ బీమా కలిపిన పాలసీ. తనకు కమిషన్ వస్తుందని దాచడు కూడా. అయినా మొహమాటానికి సంతకం పెట్టేస్తాం. సభలో వేదిక ఎక్కిన ప్రతివాళ్లూ పాఠకుల నమ్మకం సంపాదించమని చెప్పారు. మనవాళ్లలో నమ్మకం ముందే ఉంటుంది, దాన్ని ఏం చేస్తామన్నదే అసలు చిక్కు.

చివరి సాయంత్రం డబ్బు మీద రాసేవాళ్లకిచ్చే ప్లూటస్ అవార్డులు ఇచ్చారు. ప్లూటస్ గ్రీకుల కుబేరుడు. చప్పట్లు కొట్టి తొందరగా బయటపడ్డాను, రైలు ఉంది.

ఆ హాల్లో నాకు పనికొచ్చిన స్టాలు ఒకటి దొరికింది, ఇండియాకు డబ్బు పంపే సంస్థది. పేరు చెప్పను. ఫీజు లేదని పెద్ద బోర్డు. అప్పుడు డాలరు 65 రూపాయల దగ్గర ఉంది. ఫోన్లో మార్కెట్ రేటు తెరిచి వాళ్ల రేటు పక్కన పెట్టి చూశాను. డాలరుకు నలభై పైసలు తేడా ఉంటే వెయ్యి డాలర్లకు నాలుగొందల రూపాయలు. ఫీజు అందులోనే ఉందన్నమాట. స్టాల్లో అబ్బాయి నవ్వి, మొదటిసారి పంపేవాళ్లకు రేటు బాగుంటుందండీ అన్నాడు. ఆ ముక్క కూడా రాసుకుంటానని చెప్పి వాళ్ల కమిషన్ తీసుకోవడానికి కావాల్సిన డబ్ల్యూ9 పన్ను ఫారమ్ నింపి ఇచ్చాను.

నవంబర్‌లో వ్యాసం పెట్టాను. ఒకే రోజు, ఒకే గంటలో తీసిన మూడు సంస్థల రేట్లు, మార్కెట్ రేటుతో తేడా, మొదటిసారికీ తర్వాతకీ మారే సంగతి. లింకు పైనే తెలుగులో రాశాను: ఇక్కణ్ణుంచి వెళ్లి పంపితే నాకు కమిషన్ వస్తుంది, పంపేముందు ఆ రోజు రేటు మూడు చోట్లా చూసుకోండి, అని.

ప్లేనో నుంచి ఒకమ్మాయి ఫోన్ చేసింది. "అక్కా, నీకు డబ్బులొస్తాయని రాశావు కదా, అందుకే నీ లింకు నుంచే పంపాను." రేటు చూశావా అని అడిగాను. "ఎక్కడో వందా రెండొందలు తేడా ఉంటే ఉండనీ అక్కా, నీకే కదా." ఇంకొకరిదీ ఇదే మాట, ఇంకొకరిదీ. ఎవరో ఎరగని మనిషిని జాగ్రత్తపడమని చెప్పడానికి పెట్టిన వాక్యం మనవాళ్ల దగ్గర చదివింపుల పిలుపైపోయింది.

ఆ వాక్యం తీయలేను, తీస్తే నియమం తప్పుతుంది. అందుకని పట్టికలో నాకు ఏమీ రాని రెండు సంస్థలను పైకి తెచ్చి, లింకున్న దాన్ని అడుగున పెట్టాను. కమిషన్ సగానికి పడిపోయింది. ప్లేనో అమ్మాయి మాత్రం ఇప్పటికీ అడుగు దాకా జరిపి మరీ నొక్కుతుంది.