మా తమ్ముడి తొంభై రోజుల లెక్క

బ్యాంకాక్ వెళ్ళొచ్చానని చెబితే అందరూ ఏం చూశావనే అడుగుతున్నారు. గ్రాండ్ ప్యాలెస్ చూశాను, వాట్ అరుణ్ చూశాను, పడుకున్న బుద్ధుడి తల దగ్గర మొదలుపెట్టి పాదాల దాకా నడిచాను, ఇదంతా రెండు రోజుల్లో అయిపోయింది. మిగతా పదిహేడు రోజులూ మా తమ్ముడి ఇంటి చుట్టుపక్కలే తిరిగాను. మంచినీళ్ళు పట్టుకురావడం, కూరలు తేవడం, బట్టలు మిషన్లో వేయడం, కరెంటు బిల్లు కట్టడం. "అంత దూరం పోయి అంట్లు కూడా తోమావా" అని మా వారు ఎగతాళి చేశారు గానీ నాకు బాగా గుర్తున్నవి ఆ పదిహేడు రోజులే.

తమ్ముడు 2024 మొదట్లో ఉద్యోగం మీద అక్కడికి మారాడు. నేను నవంబరు మొదటి వారంలో వెళ్ళాను. ఆ జూలై నుంచి మనవాళ్ళకి వీసా లేకుండానే అప్పట్లో అరవై రోజులు ఉండనిచ్చేవాళ్ళు కాబట్టి నా పాస్‌పోర్టు మీద ఒక ముద్ర కొట్టి పంపేశారు. ఎయిర్‌పోర్టు పేరు సువర్ణభూమి, వాళ్ళ నోట్లో అది సువన్నఫూమ్. నలభై ఏళ్ళు బళ్ళో తెలుగు చెప్పి రిటైరైన దాన్ని, ఇక అక్కణ్ణుంచి కనిపించిన ప్రతి బోర్డూ విరగ్గొట్టి సంస్కృతం వెతుక్కోవడం మొదలుపెట్టాను. మా తమ్ముడికి రెండో రోజుకే విసుగొచ్చింది.

వాళ్ళుండేది ఓన్ నుట్‌లో, అంటే సుఖుంవిత్ రోడ్డు నుంచి చీలే 77వ సోయి. సోయి అంటే వీధి. సోయిలోంచి ఇంకో సోయి, దాన్లోంచి మరోటి, అన్నిటికీ నంబర్లే. మొదటి రాత్రి నేనింకా పెట్టె తెరవకుండానే మా మరదలు నా పాస్‌పోర్టు ఫొటో తీసి లైన్ యాప్‌లో ఎవరికో పంపింది. ఎవరికమ్మా అంటే ఇంటి ఓనరుకట. నాకు భయమేసింది, పాస్‌పోర్టు ఎవరికిబడితే వాళ్ళకి పంపుతారా ఎక్కడైనా. "వదినా, ఇక్కడ ఇంట్లోకి విదేశీయులెవరొచ్చి దిగినా 24 గంటల్లోపు ఇంటివాళ్ళు ఇమిగ్రేషన్‌కి చెప్పాలి, చెప్పకపోతే ఆవిడకి ఫైన్" అంది. టీఎమ్ 30 అంటారు దాన్ని. మన ఇంటికి ఆడపడుచు వస్తే ఎమ్మార్వో ఆఫీసులో కాగితం ఇవ్వాలంటే ఎలా ఉంటుందో ఊహించుకోండి.

కింద లిఫ్టు పక్కన మంచినీళ్ళ యంత్రం ఉంది. అక్కడ కుళాయి నీళ్ళు ఎవరూ తాగరు, ఒక బాత్ (అక్కడి రూపాయి అనుకోండి) వేస్తే ఒక లీటరు వస్తుంది. నేను మొదటిసారి ఐదు బాత్‌ల బిళ్ళ వేసి, క్యాను ఇంకా మూత తియ్యకుండానే ఏదో ఒకటి నొక్కేసరికి నీళ్ళు ధారగా పడిపోవడం మొదలైంది. తలుపు తీసి క్యాను లోపల పెట్టేలోపు సగం కారిపోయాయి, చీర కుచ్చిళ్ళు తడిసిపోయాయి. పక్కనున్న సెక్యూరిటీ ముసలాయన లేచి వచ్చి, ఏమీ అనకుండా, తన జేబులోంచి ఒక బాత్ బిళ్ళ తీసి వేసి, ముందు క్యాను పెట్టాలి, తర్వాత డబ్బులు, తర్వాత ఆకుపచ్చ మీట అని చేత్తో చూపించాడు. ఆ బాత్ తిరిగిస్తే తీసుకోలేదు. మర్నాటి నుంచి నేను క్యానుతో దిగగానే ఆయన నవ్వేవాడు, నేనూ నవ్వేదాన్ని, పదిహేడు రోజుల్లో మా మధ్య జరిగిన సంభాషణ అంతే.

కరెంటు బిల్లు కట్టడానికి మన వైపు లాగా ఆఫీసు చుట్టూ తిరగక్కర్లేదు, వీధి మొదట్లో సెవెన్ ఎలెవెన్ అనే కొట్టు కౌంటర్లో ఇస్తే బార్‌కోడ్ గీకి డబ్బులు తీసుకుంటారు. కొట్లో ఏసీలో నిలబడి బిల్లు తిప్పి చూశాను. ఏడాది 2567 అని ఉంది. అచ్చుతప్పేమో అనుకున్నా, కాదు, అది బుద్ధ శకం, మన లెక్కకి 543 కలుపుకోవాలి. నీళ్ళ బిల్లు మీద ఇంకా పెద్ద నిధి దొరికింది. నీటి సరఫరాని అక్కడ ప్రపా అంటారు. సంస్కృతంలో ప్రప అంటే చలివేంద్రం! ప్రవరుడూ వరూధినీ అని గొంతు చించుకున్నన్నాళ్ళూ నేను కూడా ఆ మాట వాడి ఎరగను, బ్యాంకాక్‌లో నెలనెలా దాని పేరుతో బిల్లు వస్తోంది.

తిండి దగ్గర టెన్షన్ పడ్డాను. కార్తీక మాసం, నేను నీచు ముట్టను, ఉల్లి వెల్లుల్లి కూడా తినను. వాళ్ళు చేపల సాస్ లేకుండా పచ్చి మంచినీళ్ళు కూడా ఇవ్వరేమో అనిపిస్తుంది. శాకాహారానికి వాళ్ళ మాట మంగ్‌సవిరత్, అదీ మన మాంసవిరతే, ఎంతో సంబరంగా ఆ మాట ప్రయోగిస్తే బండి దగ్గరావిడ ఆకుకూర వేపుడులో గుడ్డు కొట్టి ఇచ్చింది. మాంసం కాదు కదా మరి, ఆవిడ తప్పేం లేదు. మరదలు చెప్పిన మాట "జే". పసుప్పచ్చ జెండా మీద ఎర్ర అక్షరంతో రాసి ఉంటుంది, ఆ కొట్లో మాంసం, గుడ్డు, పాలే కాదు, ఉల్లీ వెల్లుల్లీ కూడా వాడరు. చైనా నుంచి వచ్చిన వాళ్ళ ఆచారమట. అచ్చం మన కార్తీక వ్రతంలా ఉంది. ఓన్ నుట్ మార్కెట్ వెనక ఒక జే కొట్టు దొరికాక ఇక బెంగలేదు. కరివేపాకు, కందిపప్పు మాత్రం పహురత్ వెళ్ళి తెచ్చుకున్నాం. గురుద్వారా చుట్టూ అంతా మనవాళ్ళ బజారే, పేరు కూడా బాహురద్ అనే యువరాణి పేరట.

పలకరింపులు నాకు చాలా నచ్చాయి. అక్కడ ఉత్త పేరుతోనో, మేడమ్ అనో పిలవడం తక్కువ. మనకంటే కాస్త పెద్దయితే పీ, చిన్నయితే నోంగ్. నన్ను చూసి పళ్ళబండి అమ్మాయి "పా" అంది. పా అంటే అమ్మకో నాన్నకో అక్క, అంటే పెద్దమ్మ. అమ్మ చెల్లెలైతే ఇంకో మాట, నాన్న చెల్లెలైతే ఇంకోటి. ఇంగ్లీషోళ్ళ ఆంటీతో విసిగిపోయిన ప్రాణం లేచొచ్చింది. సోయి మొదట్లో నారింజ రంగు చొక్కాలేసుకుని కూర్చునే మోటారుసైకిలు టాక్సీ వాళ్ళని విన్ అంటారు. నేను చీరలో ఎలా ఎక్కాలా అని సందేహిస్తుంటే ఆ కుర్రాడు నేను పక్కకి కూర్చోవడానికి వీలుగా బండి వంచి నిలబెట్టాడు. అక్కడ స్కర్టుల్లో ఆఫీసుకెళ్ళే అమ్మాయిలందరూ పక్కకే కూర్చుంటారు, నాకేం కొత్తదనం లేదు వాడి దృష్టిలో. 20 బాత్.

మనవాళ్ళని మాత్రం ఖేక్ అంటారు. ఆ మాటకి అసలు అర్థం అతిథి. సీలోమ్ రోడ్డులో మారియమ్మ గుడిని కూడా వాట్ ఖేక్ అనే అంటారు. అతిథి అంటే గౌరవమే కదా అనుకున్నాను, అతిథి ఎన్నాళ్ళ నుంచి ఉంటున్నాడో లెక్క చూసే ఆఫీసు చూసేదాకా.

నవంబరు 13 రాత్రి. భోజనాలయ్యాక మరదలు డ్రాయర్లో ఏదో వెతుకుతూ తమ్ముడి పాస్‌పోర్టు తెరిచింది. లోపల స్టేప్లర్ కొట్టిన చిన్న చీటీ ఉంది, దాని మీద నవంబరు 1 అని తేదీ. ఇద్దరి మొహాలూ మాడిపోయాయి. విషయం ఏంటంటే అక్కడ దీర్ఘకాలం ఉండే విదేశీయులు ప్రతి తొంభై రోజులకీ ఫలానా చోటే ఉన్నాను అని రిపోర్టు ఇవ్వాలి. గడువుకి పదిహేను రోజుల ముందు నుంచి ఏడు రోజుల తర్వాత దాకా వీలుంటుంది, అది దాటితే 2000 బాత్‌లు ఫైన్. ఇంతకు ముందు రెండుసార్లూ కంపెనీ తరఫున ఎవరో చూసుకున్నారు, ఈ మధ్య ఆ ఏర్పాటు తీసేశారట, వీడికి గుర్తే లేదు. డబ్బు పోతే పోయింది, వీసా పొడిగింపు దగ్గర ఇది అడ్డొస్తుందేమోనని వాడి భయం. రాత్రి ఒంటిగంట దాకా ఫోన్లో ఏవేవో చదివాడు, చదివినకొద్దీ భయం పెరిగింది. నేను నిద్రపోయాను.

పొద్దున్నే ఆరింటికి ముగ్గురం బయల్దేరాం. ఓన్ నుట్‌లో స్కైట్రైన్ ఎక్కి వాట్ ఫ్రా శ్రీ మహాతాత్ దాకా, అంటే శ్రీ మహాధాతు, అక్కడ దిగి గులాబీ రంగు మోనోరైలు పట్టుకుని చేంగ్ వత్తన. ప్రభుత్వ ఆఫీసులన్నీ ఒకేచోట కట్టారు, బి బిల్డింగ్ లోపల విమానాశ్రయంలా ఉంది. ఎనిమిదిన్నరకి తెరుస్తారు, మేం వెళ్ళేసరికే బారెడు క్యూ. అందరి చేతుల్లోనూ ప్లాస్టిక్ ఫోల్డర్లు. జిరాక్సు కొట్టు దగ్గర క్యూ ఇమిగ్రేషన్ క్యూ కంటే పెద్దది. ప్రతి కాపీ మీదా సంతకం చెయ్యాలి, అదీ నీలం సిరాతో అయితే మంచిదని అక్కడివాళ్ళ నమ్మకం. మా వాడి దగ్గర నల్ల పెన్నుంది. మరదలు వెళ్ళి నీలం పెన్ను కొనుక్కొచ్చింది.

నా పక్క కుర్చీలో ఒక జర్మన్ పెద్దాయన. డెబ్బై దాటి ఉంటాడు, ఇస్త్రీ చొక్కా, పాలిష్ బూట్లు, పెళ్ళిచూపులకి వచ్చినట్టు. రిటైర్మెంటు వీసా మీద ఉంటున్నాడట. యాభై ఏళ్ళు నిండాలి, బ్యాంకులో ఎనిమిది లక్షల బాత్‌లు చూపించాలి, ఏడాదికోసారి 1900 కట్టి పొడిగించుకోవాలి. పన్నెండేళ్ళ నుంచీ చేస్తున్నా ఈ రోజున పొద్దున్నే కడుపులో దేవుతుందన్నాడు. ఇవతల థాయ్ అమ్మాయిని పెళ్ళి చేసుకున్న ఒక కుర్రాడు తన ఫోల్డరు చూపించాడు. ఇద్దరూ ఇంటి ముందు నిలబడ్డ ఫొటో, వంటింట్లో ఫొటో, హాల్లో ఫొటో, ఇల్లు ఎక్కడుందో చేత్తో గీసిన మ్యాపు. మ్యాపులో గుడి, సెవెన్ ఎలెవెన్, ఒక మామిడిచెట్టు. చెట్టుకి ఆకులు కూడా వేశాడు పాపం.

మా నంబరు వచ్చింది. కౌంటర్లో పాతికేళ్ళ అమ్మాయి. తమ్ముడు చేతులు జోడించి, లేటయింది, క్షమించండి, ఫైన్ కడతాను అని రాత్రంతా బట్టీ పట్టిన థాయ్ మాటలు అప్పజెప్పాడు. ఆ అమ్మాయి వినలేదు, పాస్‌పోర్టు పేజీలు తిప్పింది. ఒక ముద్ర దగ్గర ఆగింది. క్యాలెండరు మీద వేలుతో లెక్కపెట్టి, చిన్న కాగితం మీద "13 జనవరి" అని ఇంగ్లీషులో రాసి మా వైపు తోసింది. మాకు అర్థం కాలేదు. మళ్ళీ ఆ ముద్ర చూపించింది. అక్టోబరు 16.

దసరాకి వాడు రాజమండ్రి వచ్చి వెళ్ళాడు! దేశం దాటి మళ్ళీ లోపలికొచ్చిన రోజు నుంచి తొంభై లెక్క మొదటికొస్తుంది. పాత చీటీకి విలువే లేదు. ఫైన్ లేదు, రిపోర్టూ లేదు, అసలు అక్కడికి రావాల్సిన పనే లేదు. ఆ అమ్మాయి పాత చీటీ పీకి చెత్తబుట్టలో పడేసి, తర్వాతి నంబరు నొక్కేసింది.

"ఒరేయ్, జనవరి 13 అంటే భోగి" అన్నాను నేను.

"అక్కా, నువ్వు కాసేపు మాట్లాడకు" అన్నాడు వాడు. మరదలు నీలం పెన్ను వైపు చూసి నవ్వడం మొదలుపెట్టింది, ఇక ఆపుకోలేకపోయింది. కింద ఫుడ్ కోర్టులో వాళ్ళిద్దరూ నూడుల్స్ తిన్నారు, నేను బొప్పాయి పండు తిన్నాను. పండే సుమా, పచ్చిదానితో చేసే సలాడ్‌లో ఎండురొయ్యలుంటాయి.

తిరిగొచ్చేసరికి సాయంత్రమైంది, దార్లో బజారు పని చూసుకుని వచ్చాం. స్టేషన్లో సరిగ్గా ఆరింటికి మైకులో పాట మొదలవగానే జనమంతా ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయారు. నేనొక్కదాన్నే పది అడుగులు వేసి వెనక్కి చూసుకున్నాను. జాతీయ గీతం, పొద్దున ఎనిమిదికీ సాయంత్రం ఆరుకీ వస్తుందట. ఎవరూ ఏమీ అనలేదు గానీ సిగ్గేసింది.

మర్నాడు నవంబరు 15, కార్తీక పౌర్ణమి. పుష్కరాల రేవుకి పోకుండా ఈ రోజు గడవడం నాకు అదే మొదటిసారి. ఆ రాత్రే వాళ్ళకి లోయ్ క్రతోంగ్, అంటే నీళ్ళలో దీపాల దొప్పలు వదిలే పండగ. మా సోయిలకి దగ్గర్లో వాట్ మహాబుత్ ఉంది, పురిట్లో చనిపోయి దెయ్యమైన నాక్ అనే ఆవిడకి అక్కడ గుడి, కడుపుతో ఉన్నవాళ్ళు ఆవిడకి చీరలు పెట్టినట్టు బట్టలు పెట్టి మొక్కుకుంటారు. దాని వెనకే ఫ్రా ఖనోంగ్ కాలవ. మెట్ల దగ్గర బల్లలేసుకుని క్రతోంగ్‌లు అమ్ముతున్నారు. ఏంటో కాదు, అరటిబోదె అడ్డంగా కోసిన బిళ్ళ, చుట్టూ అరటాకు మడతలు గుచ్చి, మధ్యలో బంతిపూలు, ఒక కొవ్వొత్తి, మూడు అగరొత్తులు. కొంతమంది కాసిని జుట్టు వెంట్రుకలు, గోళ్ళ ముక్కలు కూడా అందులో వేస్తున్నారు, పీడంతా పోవాలని. మరదలు ఆ నవంబరు 1 చీటీ ఉంటే బాగుండేది అంది.

నేను ఇంటి దగ్గర్నుంచి ఆవునెయ్యిలో తడిపిన వత్తులు తీసుకెళ్ళాను. కొవ్వొత్తి తీసేసి వత్తి పెట్టబోతే అమ్మే ఆవిడ ఆసక్తిగా చూసి, వత్తి నిలబడ్డానికి ఒక బంతిపువ్వు గిల్లి చోటు చేసిచ్చింది. మెట్లు దిగి నీళ్ళలో పెట్టి, చేత్తో అలలు లేపి ముందుకి తోశాను. కింద మోకాలి లోతు నీళ్ళలో నలుగురు పిల్లలు కాపు కాస్తున్నారు, క్రతోంగ్‌లలో వేసే చిల్లర కోసం. మన రేవులో కూడా ఉంటారు వీళ్ళు.

అమ్మకి వీడియో కాల్ చేశాను, అక్కడ ఇంకా ఆరున్నరే. ఫోన్ దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూసింది.

"ఏ రేవే అది?"

"ఫ్రా ఖనోంగ్ కాలవమ్మా."

"దొప్ప నిండా అన్ని పూలెందుకే, దీపం ఆరిపోదూ" అంది.