అరకు ముందు, సముద్రం తర్వాత

బెజవాడ నుంచి వైజాగ్‌కి ఏ బడి టూరు వేసినా వరస ఒకటే. మొదట బీచి, తర్వాత అరకు. మా తొమ్మిదో తరగతి పిల్లలతో రుషికొండలో స్కూబా డైవింగ్, అంటే గాలి సిలిండరు తగిలించుకుని నీటి అడుగుకి దిగడం, చేయించాలనుకున్నప్పుడు నేను ముందు తిరగేసింది ఆ వరసనే. నీటి అడుగున పీల్చిన గాలిలోని నైట్రోజన్ కొంత ఒంట్లో కరిగి ఉంటుంది. అది నిదానంగా బయటికి పోవాలి. ఆలోపే ఎత్తుకి వెళ్తే, అక్కడ గాలి ఒత్తిడి తక్కువ కాబట్టి, బుడగలు కట్టే ప్రమాదం ఉంది. ఒక్క డైవు చేసినా విమానం ఎక్కడానికి కనీసం 12 గంటలు ఆగమంటారు. అరకు సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తున ఉంది. అందుకే అరకు ముందు చూసేసి, సముద్రం ఆఖర్న పెట్టుకుని, అటునుంచి అటే రైలెక్కాలని నిర్ణయించాం.

తల్లిదండ్రుల సమావేశంలో నేను నోరు విప్పకముందే ఒకావిడ అడిగారు: "మాస్టారూ, ఫెర్రీ దగ్గర పడవ సంగతి మర్చిపోయారా?" మా ఊళ్లో ఎవరం మర్చిపోలేదు. 2017 నవంబర్‌లో పవిత్ర సంగమం దగ్గర పడవ తిరగబడి 20 మందికి పైగా చనిపోయారు. అనుమతి లేని పడవ అది. ఆవిడ అడిగింది న్యాయమైన ప్రశ్న. దాన్ని పట్టుకునే మా ఏర్పాట్లన్నీ చేశాం. దించేవాళ్ల దగ్గర ఏ ధ్రువపత్రం ఉంది, పడవలో ఆక్సిజన్ కిట్టు ఉందా, దగ్గర్లో ఆసుపత్రి ఏది, అలలు ఎక్కువై ఆగిపోతే కట్టిన డబ్బు సంగతేమిటి. డైవింగ్ శిక్షణకి ధ్రువపత్రాలిచ్చే అంతర్జాతీయ సంస్థ ప్యాడీ (PADI) నియమాల ప్రకారం ఈ తొలి పరిచయ డైవుకి పదేళ్లు నిండాలి, లోతు 12 మీటర్లు దాటకూడదు, సముద్రంలో ఒక శిక్షకుడికి నలుగురిని మించి ఇవ్వకూడదు. మేం ఇద్దరికి ఒకరు కావాలని పట్టుబట్టాం. ఖర్చు పెరిగింది, తల్లిదండ్రులు కాదనలేదు.

ఆరోగ్య ప్రశ్నపత్రాన్ని బళ్లో నింపించకుండా ఇంటికి పంపాం. ఉబ్బసం, మూర్ఛ, గుండె జబ్బు, చెవి ఆపరేషన్ – దేనికి అవునని రాసినా డాక్టరు ఒప్పుకుంటే తప్ప నీళ్లలోకి దించేది లేదు. ఉబ్బసం ఉన్న ఒక అబ్బాయిని డాక్టరు వద్దన్నారు. వాడికి పడవ మీద పేర్ల జాబితా అప్పగించాం. దిగినవాళ్లందరూ తిరిగి ఎక్కారో లేదో లెక్క చూసే మనిషి లేకుండా ఏ పడవా కదలకూడదు. వాడా పని ఎంత శ్రద్ధగా చేశాడో!

బయల్దేరే ముందు బెజవాడలోనే ఒక ఈత కొలనులో సాధన పెట్టించాం. అక్కడ కృష్ణలో ఈదడం అలవాటైనవాళ్లే ఇబ్బంది పడ్డారు. సీతానగరం రేవులో ఎవడు ఎక్కువసేపు ఊపిరి బిగబడితే వాడే మొనగాడు. స్కూబాలో మొదటి నియమం, ఊపిరి బిగబట్టకూడదు. 10 మీటర్ల లోతున నిండా పీల్చి, బిగబట్టి పైకి వచ్చేస్తే ఆ గాలికి రెట్టింపు చోటు కావాలి. ఊపిరితిత్తులు తట్టుకోలేవు. ఏటి ఈత ఎరగని హాస్టలు పిల్లలు మాత్రం చెప్పింది చెప్పినట్టు పీలుస్తూ, వదులుతూ హాయిగా కూర్చున్నారు. సైగలూ అక్కడే నేర్చుకున్నారు. బొటనవేలు పైకెత్తితే బాగుందని కాదు, పైకి పోదామని. బాగుంటే చూపుడువేలూ బొటనవేలూ కలిపి సున్నా చుట్టాలి. రైల్లో తుని దాటేదాకా ఆ సైగలతోనే మాట్లాడుకున్నారు.

తుపానుల కాలం వదిలి ఫిబ్రవరిలో వెళ్లాం. అయినా అనుకున్న రోజు పొద్దున శిక్షకుడు అలలు చూసి వద్దన్నాడు. ఒక రోజు అదనంగా ఉంచుకున్నాం కాబట్టి ఎవరూ ఆయన్ని బతిమాలాల్సిన పని పడలేదు. పిల్లల్ని తీసుకెళ్లే ఏ మాస్టారికైనా నేను గట్టిగా చెప్పేది ఇదే: ఆ ఖాళీ రోజు లేకుండా బయల్దేరకండి.

మర్నాడు సముద్రం శాంతించింది. నీళ్లు టీవీలో చూపించే నీలం కాదు, ఆకుపచ్చగా, కాస్త మసగ్గా ఉన్నాయి. నేనూ దిగాను. తాడు పట్టుకుని కొంచెం దిగడం, ముక్కు మూసి మెల్లగా ఊది చెవులు సర్దుకోవడం, మళ్లీ కొంచెం దిగడం. చెవి నొప్పి పుట్టకముందే ఊదాలి, పుట్టాక కాదు. అడుగున రాళ్ల సందుల్లోంచి చారల చేపలు గుంపుగా వచ్చాయి. నా పక్కనున్న పిల్లాడు చేయి చాచబోయి, ముట్టుకోవద్దన్నది గుర్తొచ్చి వెనక్కి తీసుకున్నాడు. రెండు చేతులతోనూ సున్నాలు చుట్టాడు. ఆ క్షణం ఈ ఏర్పాట్ల శ్రమంతా నాకు తీరిపోయింది.

ఒక అమ్మాయి మాత్రం సిలిండరు తగిలించుకుని పడవ అంచున కూర్చున్నాక వద్దని తల ఊపింది. "ఏం కాదు, దిగు" అనడం మన టీచర్లకి అలవాటు. ఆ మాట ఎవరూ అనకూడదని బెజవాడలోనే ఒట్టు పెట్టుకున్నాం. అడుగున కంగారు పడ్డవాళ్లు చేసేది ఊపిరి బిగబట్టి పైకి పారిపోవడమే. వద్దన్న పిల్లని ఇంకోసారి అడగకపోవడం కూడా భద్రతలో భాగమే. సిలిండరు విప్పేసి, మాస్కూ గొట్టమూ పెట్టుకుని పడవ పక్కనే నీటిపైన తేలుతూ కిందకి చూసింది.

తిరుగు రైల్లో తర్వాతి జట్టు కోసం మార్పులు రాసుకున్నాం. కొలను సాధన రెండు విడతలు కావాలి. కళ్లజోడు పిల్లలకి పవరున్న మాస్కులు ముందే అడగాలి. జలుబు చేసినవాళ్ల చెవులు సర్దుకోవు, వాళ్లు ఆ రోజుకి పైనే తేలాలి. కొలను సాధన జాబితాలో మొదటి పేరు ఆ అమ్మాయిదే, తనే వచ్చి రాయించుకుంది.